టీవీకీ సెట్‌టాప్ బాక్సుకీ మధ్య గేమ్ కన్సోల్‌ని కూర్చోబెట్టిన కథ, మీరూ పెట్టుకునే పద్ధతి

మా హాల్లో టీవీ ఒక్కటే. దాని ముందు టీపాయ్ మీద మాత్రం నాలుగు రిమోట్లు. టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్సుది ఒకటి, సౌండ్‌బార్‌ది ఒకటి, ఏ వస్తువుదో ఎవరికీ గుర్తులేనిది ఒకటి. వీటికి తోడు మా అబ్బాయి గేమ్ కంట్రోలర్లు రెండు. మామయ్యగారు వార్తలు చూడాలంటే ముందు టీవీ రిమోట్‌తో ఇన్‌పుట్ మార్చాలి, తర్వాత బాక్సు రిమోట్‌తో చానెల్ పెట్టాలి, ఆపైన సౌండ్‌బార్ రిమోట్ వెతుక్కోవాలి. ఎక్కడో ఒక మీట తప్పు పడేది, తెర నల్లబడి "నో సిగ్నల్" అని వచ్చేది. "అమ్మాయ్, ఇది మళ్ళీ అలిగింది" అని వంటింట్లోకి వినబడేలా పిలిచేవారు.

అలక తీర్చడం నా డ్యూటీ అయిపోయింది కాబట్టి, బాక్సు నుంచి టీవీకి వెళ్ళే తీగ పీకేసి మధ్యలో మా పాత గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌ని కూర్చోబెట్టాను. ఇప్పుడు ఇన్‌పుట్ మార్చే పని లేదు. ఆటైనా, వార్తలైనా టీవీకి వచ్చేది ఒకే తీగలోంచి. దీనికి రెండు వారాంతాలు పట్టింది. అందులో ఒకటి పూర్తిగా నా పొరపాట్లకే పోయింది. అవి మీకు జరక్కుండా, నేను చేసిన వరసలోనే చెబుతాను.

ముందు వెనక్కి తిప్పి చూడండి

అన్ని కన్సోల్స్‌తో ఇది కుదరదు. సెట్‌టాప్ బాక్సు బొమ్మని లోపలికి తీసుకోవాలంటే కన్సోల్‌కి హెచ్‌డీఎంఐ ఇన్ అనే పోర్టు ఉండాలి. 2013 నవంబరులో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ వన్‌కి అది ఉంది. 2016లో వచ్చిన వన్ ఎస్‌కి, 2017లో వచ్చిన వన్ ఎక్స్‌కి కూడా ఉంది. 2020లో వచ్చిన సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లలో తీసేశారు. ప్లేస్టేషన్ 4, 5లకీ, నింటెండో స్విచ్‌కీ లేదు. వాటి వెనక కనబడే ఒక్క హెచ్‌డీఎంఐ పోర్టు బయటికి పంపేదే. మీది వీటిలో ఏదైనా అయితే, మధ్యలో ఉన్నదంతా వదిలేసి చివర "ఇన్ పోర్టు లేనివాళ్ళకి" అన్న చోటికి వెళ్ళిపోండి. మీకు పనికొచ్చేది అక్కడుంది.

పేర్లతో జాగ్రత్త. వన్ ఎక్స్, సిరీస్ ఎక్స్ వేరు వేరు. పాతది ఎవరిదగ్గరైనా తీసుకుంటున్నప్పుడు పేరు అడగడం కన్నా వెనకవైపు ఫొటో పంపమనడం మేలు.

రెండు పోర్టులు, ఒకే ముఖం

ఇన్, ఔట్ పోర్టులు రెండూ ఒకే ఆకారం, ఒకే సైజు. మొదటి ఎక్స్‌బాక్స్ వన్‌లో రెంటి మధ్య చిన్న ఆప్టికల్ ఆడియో రంధ్రమైనా అడ్డుంటుంది. వన్ ఎస్‌లో రెండూ పక్కపక్కనే. వాటి పైన రాసిన అక్షరాలు నల్లటి ప్లాస్టిక్ మీద పొంగు అక్షరాలు. టీవీ స్టాండు వెనక చీకట్లో, ఒక చేత్తో కన్సోల్ ఎత్తి పట్టుకుని తల వంచి చూస్తే ఏమీ కనబడదు. నేను వేలితో తడిమి "ఇదే" అనుకుని పెట్టేశాను. బాక్సు తీగ ఔట్‌లోకి వెళ్ళింది, టీవీ తీగ ఇన్‌లోకి వెళ్ళింది. తెర నిండా చీకటి. ముప్పావుగంట బాక్సుని తిట్టుకున్నాను.

కాబట్టి వస్తువుని స్టాండు మీంచి పూర్తిగా బయటికి తీసి, వెలుతుర్లో పెట్టి, రెండు తీగల చివర్లకీ కాగితం చుట్టి పేరు రాయండి. సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే తీగ ఇన్‌లోకి. టీవీకి వెళ్ళే తీగ ఔట్‌లోకి. ఆ కాగితాలు పని అయ్యాక పీకేయకండి, తర్వాత కావాలి.

దీనికన్నా ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది. బాక్సుని నేరుగా టీవీకి పెట్టి, బాక్సు సెట్టింగుల్లో పిక్చర్ రిజల్యూషన్ 1080కి మార్చుకోండి. ఆటోలో గానీ 4కేలో గానీ వదిలేస్తే, మధ్యలో కన్సోల్ వచ్చాక బొమ్మ వచ్చినట్టే వచ్చి పోతుంటే కారణం తెలియక తల పట్టుకుంటారు. ఆడియో కూడా స్టీరియోకి, లేదా పీసీఎం అని ఉంటే దానికి మార్చండి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోవడానికి మామూలుగా ఇదే కారణం. సరౌండ్ ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చు.

అన్నీ పెట్టాక కన్సోల్‌లో టీవీ యాప్ తెరిస్తే బాక్సు బొమ్మ వచ్చేయాలి. సెట్టింగ్స్‌లో టీవీ అండ్ వన్‌గైడ్ అనే చోట మిగతావి ఉంటాయి. వన్‌గైడ్ అంటే ఒకప్పుడు ఏ చానెల్లో ఏ కార్యక్రమం వస్తుందో చూపించే పట్టిక. ఆ పట్టికను తర్వాత తీసేశారు. పాత వీడియోలు చూసి "మాకు రావట్లేదేంటి" అని వెతక్కండి. బాక్సు సొంత గైడే దిక్కు.

కంటికి కనబడని కాంతి

ఇక్కడిదాకా వచ్చేది బొమ్మ మాత్రమే. చానెల్ మార్చడానికి, వాల్యూమ్ పెంచడానికి కన్సోల్ కూడా మన రిమోట్ చేసే పనే చేయాలి. అంటే ఇన్‌ఫ్రారెడ్ కాంతి మెరుపులు పంపాలి. బాక్సుకి ఆ మెరుపులు రిమోట్ నుంచి వచ్చాయా, కన్సోల్ నుంచి వచ్చాయా అన్న తేడా తెలియదు.

ఆ మెరుపులు ఎక్కణ్ణుంచి వస్తాయన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. మొదటి ఎక్స్‌బాక్స్ వన్‌తో వచ్చిన కైనెక్ట్ కెమెరా ఉంటే అదే గదంతా చల్లుతుంది. గోడకి తగిలి వెనక్కొచ్చినా బాక్సు అందుకుంటుంది. వన్ ఎస్‌లో ముందు భాగంలోనే ఆ దీపం అమర్చారు. ఇవేవీ కాకపోతే వెనక ఐఆర్ (అంటే ఇన్‌ఫ్రారెడ్) ఔట్ అనే చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది. దాంట్లో ఐఆర్ ఎమిటర్ తీగ పెట్టాలి. ఇయర్‌ఫోన్ పిన్నులాంటి పిన్ను ఒక చివర, చింతగింజంత దీపం ఇంకో చివర ఉండే సన్నటి తీగ అది.

మాకు కైనెక్ట్ లేదు, తీగే దారి. ఆ గింజని బాక్సు ముందు ఎక్కడ అంటించాలన్నది అసలు చిక్కు. ముందు భాగమంతా నల్లగా నిగనిగలాడే ప్లాస్టిక్. దాని వెనక రిమోట్ కాంతిని అందుకునే కన్ను ఎక్కడో ఉంటుంది, బయటికి కనబడదు. లైట్లన్నీ ఆపేసి ఫోన్ టార్చిని ఏటవాలుగా, ప్లాస్టిక్‌కి దాదాపు ఆనించి కొట్టండి. నల్లటి ప్లాస్టిక్ లోపల కందిగింజంత బుడిపె ఒకటి మెరుస్తుంది. మా బాక్సులో అది అంకెలు కనబడే చోటికి ఎడమన, చాలా కింద ఉంది. నేను మధ్యలో ఉంటుందనుకుని మొదటిరోజు మధ్యలో అంటించాను. అయిదుసార్లు నొక్కితే ఒకసారి పనిచేసింది. అసలు పనిచేయకపోయినా బాగుండేది, తప్పు వెంటనే తెలిసేది.

అసలు మెరుపు వస్తోందో లేదో తేల్చుకోవడానికి ఫోన్ కెమెరా చాలు. సెల్ఫీ కెమెరా తెరిచి ఆ గింజని దాని ముందు పెట్టి, ఇంకొకర్ని కన్సోల్ నుంచి వాల్యూమ్ నొక్కమనండి. కంటికి ఏమీ కనబడదు గానీ ఫోన్ తెర మీద ఊదారంగు మినుకు కనబడుతుంది. వెనక కెమెరాలకి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే వడపోత గట్టిగా ఉంటుంది, అందుకే సెల్ఫీ కెమెరా అన్నాను. మామూలు రిమోట్‌లో బ్యాటరీ అయిపోయిందా అని చూసుకోవడానికీ ఇదే చిట్కా. టీపాయ్ మీది నాలుగో రిమోట్‌ని కూడా ఇలాగే చూశాను. నిక్షేపంగా మెరుస్తోంది. దేనికి మెరుస్తోందో మాత్రం తెలియలేదు.

అంటించాక సెట్టింగ్స్‌లో టీవీ కంపెనీ, బాక్సు కంపెనీ, సౌండ్ సిస్టమ్ ఉంటే దాని కంపెనీ పేర్లు ఇవ్వాలి. కన్సోల్ ఒక ఆజ్ఞ పంపి "వాల్యూమ్ మారిందా?" అని అడుగుతుంది. మారకపోతే మారలేదనే చెప్పండి, ఇంకో కోడ్ ప్రయత్నిస్తుంది. ఓపిక పోయి "ఆఁ మారింది" అని నొక్కేశారో, ఆ తర్వాత పవర్ మీట నొక్కితే టీవీ ఆగిపోయి బాక్సు వెలిగే విచిత్రాలు చూస్తారు.

వాల్యూమ్ ఎవరి చేతిలో ఉండాలో ఒకరికే అప్పజెప్పండి. సౌండ్‌బార్ ఉంటే సౌండ్‌బార్‌కే. టీవీ, బాక్సు, బార్ మూడింట్లో మూడు వాల్యూములుంటే ఎక్కడో ఒకటి సున్నాలో ఇరుక్కుంటుంది, మిగతా రెండూ పెంచుకుంటూ పోతారు. బాక్సు వాల్యూమ్ నిండా పెట్టేసి వదిలేయండి.

అక్షరాలు తడబడుతున్నాయమ్మా

అన్నీ పనిచేశాయి. నేను టీ కప్పుతో కూర్చున్నాను. మామయ్యగారు అయిదు నిమిషాలు చూసి, "అమ్మాయ్, కింద అక్షరాలు తడబడుతున్నాయి" అన్నారు. న్యూస్ చానెళ్ళలో కింద కుడి నుంచి ఎడమకి పరిగెత్తే వరస గురించి. నాకు ఏమీ కనబడలేదు. మా ఆయనకీ కనబడలేదు. మామయ్యగారి కళ్ళద్దాల నంబరు మారిందేమో అనుకున్నాం. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆయనదే కరెక్టు.

సంగతేంటంటే, చాలా దేశాల్లో టీవీ ప్రసారం సెకనుకి 50 బొమ్మల లెక్కన నడుస్తుంది. మరికొన్ని చోట్ల 60. కన్సోల్ మామూలుగా టీవీకి పంపేది 60. లోపలికొచ్చిన 50 బొమ్మల్ని 60 గళ్ళలో సర్దాలి కాబట్టి, ప్రతి అయిదు బొమ్మలకీ ఒకదాన్ని రెండుసార్లు చూపిస్తుంది. అంటే సెకనుకి పదిసార్లు బొమ్మ రెప్పపాటు ఆగి మళ్ళీ కదులుతుంది. మాట్లాడే మనిషి ముఖంలో అది తెలియదు. ఒకే వేగంతో జారే అక్షరాల్లో తెలుస్తుంది. గడ్డి మైదానం మీద కెమెరా పక్కకి తిరిగినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఒకసారి చూడ్డం అలవాటైతే ఇక అదే కనబడుతుంది. నాకూ అప్పట్నుంచీ అదే జబ్బు.

మందు చిన్నదే. కన్సోల్ డిస్‌ప్లే సెట్టింగుల్లో వీడియో మోడ్స్ దగ్గర 50 హెర్ట్జ్‌ని, అంటే సెకనుకి 50 బొమ్మల లెక్కని, అనుమతించే గడి ఉంటుంది. దాన్ని టిక్ చేయండి. మీ టీవీ 50ని తీసుకోగలగాలి, మీ ప్రసారం కూడా 50ది అయి ఉండాలి. ప్రసారమే 60 అయిన చోట ఈ గొడవే లేదు, ముట్టుకోకండి. ఇది పెట్టాక ఆట నుంచి టీవీకి మారేటప్పుడు తెర ఒక క్షణం నల్లబడి వస్తుంది. అది తప్పు కాదు, టీవీ లెక్క మార్చుకుంటోంది. ఈ ముక్క ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి, లేకపోతే "మళ్ళీ అలిగింది" అన్న పిలుపు ఖాయం.

దీంతో కానివి

పాజ్ కాదు. హెచ్‌డీఎంఐ ఇన్‌లోంచి వచ్చే టీవీని కన్సోల్ ఆపలేదు, వెనక్కి తిప్పలేదు, రికార్డు చేయలేదు. ఆట క్లిప్పులు దాచుకునే మీట టీవీ మీద పనిచేయదు. మీ బాక్సుకే రికార్డింగ్ ఉంటే దాన్ని వాడుకోవడమే. యాంటెన్నా ప్రసారాలొచ్చే కొన్ని దేశాల్లో ఎక్స్‌బాక్స్ వన్‌కి యూఎస్‌బీ టీవీ ట్యూనర్ అమ్మారు. దాంతో అయితే లైవ్‌ని 30 నిమిషాల దాకా ఆపుకోవచ్చు. యాంటెన్నా తీగ నేరుగా ట్యూనర్లోకి వెళ్తుంది, సెట్‌టాప్ బాక్సు అవసరమే ఉండదు. అంతకుముందు 2008లో యూరప్‌లో ప్లేస్టేషన్ 3కి ప్లేటీవీ అని ఇలాంటి పెట్టే ఒకటి వచ్చింది. రెండు ట్యూనర్లతో, ఒక చానెల్ చూస్తూ ఇంకోటి రికార్డు చేసుకునేట్టు. కన్సోల్‌తో టీవీ చూడాలన్న ఆశ కొత్తదేమీ కాదు.

ఇంకో కన్సోల్‌ని ఇన్‌లో పెట్టి ఆడదామని మా అబ్బాయి ఉబలాటపడ్డాడు. బొమ్మ వస్తుంది. కానీ మీట నొక్కాక బొమ్మ కదలడం ఆలస్యమవుతుంది. వార్తలు చదివే ఆమెకి ఆ ఆలస్యం లెక్కలోది కాదు, గోల్ కొట్టేవాడికి లెక్కే. ఒక్క పూటలో వాడే తీసేశాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: కన్సోల్ ఆగితే టీవీ ఆగినట్టే. తీగ దాంట్లోంచి పోతోంది కాబట్టి, అది మెలకువగా ఉంటేనే బొమ్మ. కరెంటు మీటర్ మీద ఆ మేరకు భారం పడుతుంది. బాక్సు, టీవీ తినేదానికి తోడు కన్సోల్ పదుల వాట్లు తింటుంది. రోజంతా టీవీ మోగే ఇంట్లో అయితే నేను ఈ ఏర్పాటు చేయమనను. మా ఇంట్లో పొద్దున గంట, రాత్రి రెండు గంటలు కాబట్టి సరిపోయింది.

ఎవరూ కంట్రోలర్ ముట్టుకోకుండా ఉంటే తనంతట తాను ఆగిపోయే టైమర్ కూడా ఉంటుంది. పవర్ సెట్టింగ్స్‌లో ఒక గంట, ఆరు గంటలు, అసలొద్దు అని ఉంటాయి. ఒక గంట మీద ఉందేమో చూసి ఆరుకి మార్చండి. మేం మార్చలేదు. ఫలితాలు చెప్పే రాత్రి ఆధిక్యాల అంకెలు మారుతుండగా తెర ఆరిపోయింది. ఆ రాత్రి మామయ్యగారు నన్ను పిలవలేదు, నేరుగా నా ముందుకే వచ్చి నిలబడ్డారు.

ఇన్ పోర్టు లేనివాళ్ళకి

సీఈసీ అంటే హెచ్‌డీఎంఐ తీగలోనే ఉండే ఒక మాటల దారి. తీగలో 13వ పిన్ను దానికోసమే. దాని మీద టీవీ, కన్సోల్, బాక్సు ఒకదానితో ఒకటి "లేచాను, నన్ను చూపించు", "నేను పడుకుంటున్నా" అని చెప్పుకుంటాయి. ఇబ్బందల్లా చాలా టీవీ కంపెనీలు దాన్ని ఆ పేరుతో పిలవవు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, సోనీలో బ్రావియా సింక్, ఎల్‌జీలో సింప్‌లింక్, పానసోనిక్‌లో వియెరా లింక్. టీవీ సెట్టింగుల్లో ఆ పేరు వెతికి ఆన్ చేయండి.

ఆపైన కన్సోల్‌లో. ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐ దగ్గర హెచ్‌డీఎంఐ డివైస్ లింక్ ఆన్ చేయాలి. దాని కింద రెండు మీటలుంటాయి. వన్ టచ్ ప్లే పెడితే కన్సోల్ లేవగానే టీవీ దానివైపు తిరుగుతుంది. పవర్ ఆఫ్ లింక్ పెడితే టీవీ ఆపగానే కన్సోల్ కూడా పడుకుంటుంది. సిరీస్ ఎక్స్, ఎస్‌లలో జనరల్ సెట్టింగ్స్‌లో టీవీ అండ్ డిస్‌ప్లే ఆప్షన్స్ లోపల డివైస్ కంట్రోల్ అనే చోట ఇలాంటివే ఉంటాయి. స్విచ్‌లో టీవీ సెట్టింగ్స్ కింద మ్యాచ్ టీవీ పవర్ స్టేట్.

వన్ టచ్ ప్లే వినడానికి బాగుంటుంది. మా చెల్లెలింట్లో అది పెట్టి నేనే తిట్లు తిన్నాను. అక్కడ ప్లేస్టేషన్. వాళ్ళత్తగారు సీరియల్లో లీనమై ఉండగా పక్కగదిలోంచి వచ్చిన పిల్లవాడు సోఫాలో పడున్న కంట్రోలర్ మీట నొక్కాడు. టీవీ చెప్పాపెట్టకుండా ఆటకి తిరిగిపోయింది. ఇద్దరు ముగ్గురు వాడే టీవీ అయితే వన్ టచ్ ప్లే ఆపేసి పవర్ ఆఫ్ లింక్ ఒక్కటే ఉంచండి.

2012లో వచ్చిన నింటెండో వీ యూ కన్సోల్ గేమ్‌ప్యాడ్‌కి టీవీ అని ఒక మీట ఉండేది. కన్సోల్ ఆపి ఉన్నా సరే, ఆ గేమ్‌ప్యాడ్ టీవీకీ బాక్సుకీ రిమోట్‌లా పనిచేసేది. తీగ మధ్యలో దూరకుండా, ఎవరి దారికీ అడ్డం రాకుండా. అంత బుద్ధిగల మీట మళ్ళీ ఏ కన్సోల్ కంట్రోలర్ మీదా రాలేదు. నాకు అదొక లోటు.

అంతా బిగుసుకుపోయినప్పుడు

ఏ ఏర్పాటులోనైనా ఎప్పుడో ఒకరోజు తెర నల్లగా ఉండిపోతుంది. కాపీరైటు తాళం కోసం ఈ పెట్టెలన్నీ ఒకదాన్నొకటి గుర్తుపట్టుకోవాలి. ఆ గుర్తుపట్టడంలో ఒకటి తప్పితే బొమ్మ రాదు. మూడింటినీ ప్లగ్గు దగ్గరే ఆపి ఒక నిమిషం ఆగండి. ముందు టీవీ వెలిగించి, తర్వాత కన్సోల్, ఆఖర్న బాక్సు. అప్పటికీ రాకపోతే, కాగితం చుట్టి పేరు రాసిన బాక్సు తీగని ఇన్‌లోంచి పీకి నేరుగా టీవీకి పెట్టేయండి. ఆ పూటకి వార్తలు ఆగవు, రిపేరు రేపు చూసుకోవచ్చు.

ఈ వరస ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్క గోడకి అంటించాను. నేను ఊళ్ళో లేనప్పుడు మామయ్యగారే చేసుకున్నారట. తిరిగొచ్చి చూస్తే, "1. ముందు టీవీ" అన్నదానికి పైన ఆయన చేతిరాతతో ఇంకో వరస ఉంది: "0. అబ్బాయి ఆట సేవ్ చేశాడా అని అడగవలెను."